సౌండ్ తర్వాత

డబ్బా మూత మీద ఆయన చేతిరాతే.
నీలం సిరా, ఒక మూల తుప్పు తినేసింది:
"గుంటూరు. పొగాకు. సౌండ్ తర్వాత."

ఆ తర్వాత ఎప్పటికీ రాలేదు.
పదహారు సినిమాలొచ్చాయి, శాలువాలొచ్చాయి,
తపాలా బిళ్ళ మీద ఆయన కళ్ళజోడొచ్చింది.
ఇది మాత్రం మద్రాసులో ఎవరి అటక మీదో
చెడిపోయిన మిక్సీకీ పెళ్ళి క్యాసెట్లకీ మధ్య
యాభై ఏళ్ళు పడుకుంది.

ఇవాళ బ్రాడీపేటలో, గ్రంథాలయం మేడ మీద
నలభై కుర్చీలు, ఇరవై రెండు తలకాయలు.
మార్చి నెల. కిటికీలు మూసినా
రోడ్డు మీద మిరపబస్తాల లారీ పోయినప్పుడల్లా
హాలు హాలంతా గొంతు సవరించుకుంటోంది.

ముందు ఉపన్యాసం.
"మౌనమే ఇనగంటి సోమశేఖరం గారి వ్యాకరణం" అన్నాడు
హైదరాబాదు నుంచొచ్చిన ప్రొఫెసరు.
"ఏడో నిమిషంలో కెమెరా ఎడమకి జరుగుతుంది, గమనించండి.
అది ధ్యానం."
నేను బల్ల మీది మూత వైపు చూశాను.
అంత స్పష్టంగా రాసిపెట్టాక కూడానా!

దీపాలార్పారు.
తెర నిలువునా ఒక గీత, ఆగని సన్నవానలా.
గ్రేడింగు షెడ్డు. రేకుల సందుల్లోంచి
పలకలు పలకలుగా వెలుతురు, అందులో దుమ్ము.
బారుగా ఆడవాళ్ళు, ముక్కుల మీద కొంగులు.
ఆకు తీసి, బొటనవేలితో రాసి, వెలుగుకి పట్టి,
ఒకటో రకం, మూడో రకం, తుక్కు.
తీర్పు చెప్పడానికి రెప్పపాటు చాలు వాళ్ళకి.
షెడ్డు మూల గుడ్డ ఉయ్యాల ఒకటి
ఎవరూ ఊపకుండానే ఊగుతోంది.

కొంగుల వెనక నోళ్ళు కదులుతున్నాయి.
పాటేమో అనుకున్నాం.
పక్కాయన పుస్తకంలో రాసేసుకున్నాడు కూడా:
శ్రమజీవుల పాట.

ఏడో నిమిషం.
నాలుగో బల్ల దగ్గర ఇరవై ఏళ్ళ పిల్ల
కొంగు కిందికి లాగి నేరుగా మావైపు చూసింది.
ఏదో అంది. నాలుగు మాటలుంటాయేమో.
ఫ్రేము మెల్లగా ఎడమకి జరిగింది.

"ఆఁ, ఇప్పటికి జరిగాడు!"
చీకట్లో వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు.

కుర్చీలేసే కుర్రాడి అమ్మమ్మ, సువార్తమ్మ.
ఆస్పత్రి నుంచి ఇంటికి పోతూ
మనవడి పని అయ్యేదాకా కూర్చుంది, అంతే.
ఆమెని ఎవరూ పిలవలేదు.

"ఏమందో మీకెలా తెలుసండీ?" అన్నాడు ప్రొఫెసరు.
"నేనేగా అంది.
ఎలుతురికి అడ్డంగా నిలబడ్డాడు మారాజు.
ఆకు రంగు కనపడొద్దా?
రకం తప్పితే కూలి కోసేది ఆయనకా, మాకా?"

ఎవరో నవ్వారు. నవ్వింది నేనే.

తర్వాత ఆమె పక్కనున్న మనిషి,
ఎముకలు లెక్కపెట్టేంత సన్నటి మనిషి
బల్ల మీదికి వంగి దగ్గింది.
భుజాలు ఎగిరిపడ్డాయి, ఒకసారి, రెండోసారి.
చప్పుడు లేదు.
మూడోసారి మాత్రం వినపడింది.
హాల్లో. వెనక వరసలో.
అందరం వెనక్కి తిరిగాం.

"ఇది నాదే" అంది సువార్తమ్మ, కొంగుతో మూతి తుడుచుకుంటూ.
"అది మా అక్క దయామణిది.
ఆ దగ్గు ఇట్టా ఉండదు."
ఎట్టా ఉండేదో
అడగబోయి మానుకున్నాను.

పదిహేడో నిమిషంలో ఒక చెయ్యి
ఆకుని పైకెత్తి వెలుగుకి పట్టింది.
ఈనెలన్నీ నదులు చీలినట్టు తెర నిండా.
అక్కడ ఫిల్ము అయిపోయింది.
ఏ రకమో చెప్పకుండానే తెర తెల్లబడింది.

చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక
కాసేపు ఫ్యాను చప్పుడు విన్నాం.
ప్రొఫెసరు కాయితాలు సర్దుకున్నాడు.
ఆ తుప్పు మూతని ఎవరో డబ్బాకి బిగించారు.

మెట్ల దగ్గర ఆమెకి చెయ్యి అందించాను.
అవసరం లేదంది.
రెండో చేతిలో ఇందాక పంచిన కరపత్రం,
దాని మీద కళ్ళజోడుతో ఆయన బొమ్మ.
దిగుతూ దిగుతూ వీధిదీపం కింద ఆగి
దాని అంచుని బొటనవేలితో ఒక్కసారి రాసింది,
వెలుగుకి పట్టి చూసింది,
ఏమీ అనకుండా మడిచి
రొండిన దోపుకుంది.